తెరపై కనిపించే గొంతు

పుట్టు చెవుడున్న బిడ్డకు తన గొంతు తనకే వినబడదు. వినబడనిదాన్ని దిద్దుకునేదెలా? కంటికి చూపించాలి. కంప్యూటర్ చేసే సాయం అదే. మైకు ముందు పలికిన మాట తెరపై గీతగా వస్తుంది. స్వరం హెచ్చితే గీత పైకి లేస్తుంది, అచ్చును సాగదీస్తే పొడవవుతుంది. టీచరు గీతను చూస్తూ బిడ్డ తన గీతను సరిచేసుకుంటుంది. ఐబీఎం సంస్థ 1980లలోనే ‘స్పీచ్ వ్యూయర్’ పేరుతో ఇలాంటి సాధనం తెచ్చింది. శబ్దాన్ని గీతగా చూపే ‘ప్రాట్’ నేడు ఉచితంగా దొరుకుతోంది.

మరి మన బిడ్డలకు చిక్కెక్కడ? భాషలో. తమిళ లిపిలో ప, బ రెండింటికీ ఒకటే అక్షరం. ఒడియాలో ఎ, ఏ తేడా లేదు. ఆ భాషల పాఠాలతోనే సాధన చేసిన తెలుగు బిడ్డకు పాట–బాట, మెడ–మేడ తేడా ఎవరు నేర్పుతారు? బడి భాష రావాలి, నిజమే. అమ్మతో మాట్లాడే భాషా రావాలి కదా!

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో వాక్కు, భాషా వైకల్యం ఒకటి. కనుక ఇది జాలితో చేసే పని కాదు, వారి హక్కు.

యంత్రం ఒక్కటే చాలదు. నాలుక ఎక్కడ ఆనించాలో చూపేది స్పీచ్ థెరపిస్టే. యువతీయువకులారా! మీ ఊళ్లోని థెరపిస్టును కలవండి. కావలసిన తెలుగు మాటల జంటలను స్పష్టంగా రికార్డు చేసి ఇవ్వండి. కంప్యూటర్ లేని ఇంటి బిడ్డకు వారానికి కొన్ని గంటలు మీది ఇవ్వండి. ‘మూగోడు’, ‘నత్తోడు’ అనే పిలుపులను ముందు మన నోటినుంచే తీసేద్దాం.