కాలవలో వదలడం జాలి కాదు



మన సైన్సు రూములో అద్దాల తొట్టిలో ఉన్న నల్లమచ్చల చేప గురించి పది రోజులుగా భోజనాల వరుసలో, పంపు దగ్గర, రాత్రి స్టడీ అవర్లో ఒకటే చర్చ. తొట్టి పొడవు రెండడుగులు, వెడల్పు ఒక్క అడుగు. చేపేమో జానెడున్నర దాటింది. వెనక్కి తిరగాలంటే తోక అద్దానికి కొట్టుకుంటుంది. దాన్ని అందులోనే ఉంచడం హింస అని అందరమూ ఒప్పుకుంటాం. యాడికి పంపాల అన్నదే ప్రశ్న.

చానామంది కె.సి. కాలవలో వదిలేద్దామంటున్నారు. "దాని బతుకు అది బతుకుతుంది, మనకు పుణ్యం" అని వాళ్ళ మాట. నల్లమల నుంచి వచ్చిన కొందరు సెలవలకు పోయేటప్పుడు డబ్బాలో తీసుకపోయి శ్రీశైలం డ్యాం నీళ్ళలో వదులుతామంటున్నారు. వాళ్ళ మంచి మనసును నేను తప్పు పట్టను. కాని ఈ రెండు పనులూ చెయ్యకూడదని నా అభిప్రాయం. కారణాలు రాస్తాను, ఓపికగా చదవండి.

ముందు ఆ చేప ఏదో తెలుసుకుందాం. అంగట్లో దీన్ని సక్కర్ అంటారు. అద్దానికి నోరు అతికించి పాచి గీకి తింటుంది. అందుకని తొట్టి శుభ్రం చేస్తుందని చెప్పి వేలెడంత పిల్లను అమ్ముతారు. అది అడుగున్నర దాకా పెరుగుతుందని చెప్పేవాళ్ళు తక్కువ. దీని సొంత చోటు దక్షిణ అమెరికా నదులు. ఒంటిమీద పొలుసులకు బదులు గట్టి పెంకులు, రెక్కలకు ముళ్ళు. కోస్తాలో చేపల చెరువుల రైతులు దీన్ని దెయ్యం చేప అంటారు. నాకా పేరు నచ్చదు. తన నదిలో తను మామూలు చేపే. దాని చోటు కానిచోట వదిలిన మనుషులదే తప్పు.

ఇప్పుడు కాలవ సంగతి. కె.సి. కాలవ సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై కడప దాకా పోతుంది. మొత్తం సుమారు 300 కిలోమీటర్లు. అదంతా తవ్విన కాలవ కాదు. కొంతదూరం నిప్పులవాగు, గాలేరు, కుందూ నదుల్లోనే ఆ నీళ్ళు పోతాయి. కుందూ పోయి పెన్నలో కలుస్తుంది. కాబట్టి మన హాస్టలు పక్కన వదిలిన చేప మన హాస్టలు పక్కనే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

మనది కరువు సీమ. ఎండాకాలంలో కాలవకు నీళ్ళు ఆగిపోతే అక్కడొక మడుగు, ఇక్కడొక మడుగు మిగులుతాయి. నీళ్ళు వేడెక్కి ప్రాణవాయువు తగ్గితే బొచ్చెలు, శీలావతులు నోరు తెరిచి చచ్చిపోతాయి. సక్కర్ అట్లా కాదు. పైకి వచ్చి గాలి మింగి, కడుపుతోనే ఆ గాలి పీల్చుకొని బతుకుతుంది. మన చేపలు చచ్చేచోట ఇది నిలుస్తుంది. పైగా గుడ్లు పెట్టడానికి మట్టిగట్లకు బొరియలు తవ్వుతుంది. గట్టు బలహీనమైతే నష్టపోయేది రైతు.

శ్రీశైలం నీళ్ళయినా అంతే. మనలో కొందరి ఇండ్లల్లో నాయనలు, మామలు కృష్ణలో వల వేసి బతుకుతారు. ఈ చేప వలలో పడితే ముళ్ళకు, పెంకులకు వల చినిగిపోతుంది. దాన్ని ఇక్కడ సంతలో కొనేవాళ్ళూ లేరు. మన తండాలను, పెంటలను, గూడేలను అడక్కుండా మన నీళ్ళ గురించి ఎవరన్నా నిర్ణయం చేస్తే మనకు కోపం రాదా? మరి కాలవ కింద ఉన్న ఊర్లవాళ్ళను అడక్కుండా మనం ఎట్లా నిర్ణయిస్తాం?

"ఒక్క చేపతో ఏమవుతుంది?" అని ఒక అన్న అడిగినాడు. న్యాయమైన ప్రశ్నే. ఒంటరి చేప పిల్లల్ని పెట్టదు. కాని అదే మాట అనుకొని ఇంకెవరో ఇంతకుముందే ఒకదాన్ని వదిలి ఉంటే? హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు తూర్పు కనుమల్లోని చెరువుల, జలాశయాల నీళ్ళు తెచ్చి పరీక్షించినారు. చేప ఒంటినుంచి నీళ్ళలో కలిసే డి.ఎన్.ఎ.ను బట్టి, చేప కంటికి కనపడకపోయినా అది ఉన్నట్టు తెలుస్తుంది. నూటికి 60 వంతుల చోట్ల ఈ జాతి ఉన్నట్టు తేలింది. మన నల్లమల కూడా తూర్పు కనుమల్లోదే. "ఎట్లాగూ ఉన్నాయి కదా, ఇంకొకటి వదిలితే ఏం" అంటారేమో. మిగిలిన చోట్లనైనా కాపాడుకోవద్దా?

మరి ఏం చెయ్యాల? నాకు తోచినవి రాస్తున్నాను.

ఒకటి. బట్టలుతికే చోట వాడకుండా ఉన్న ఆరడుగుల సిమెంటు తొట్టిని సబ్బు లేకుండా కడిగి, పంపునీళ్ళు ఒక రోజు నిలవబెట్టి, చేపను అందులోకి మార్చాల. పైన వల కప్పాల, తూముకు జాలీ కట్టాల. వంటింట్లో మిగిలిన దోసకాయ, సొరకాయ ముక్కలు దానికి చాలు. గదికొక వారం చొప్పున డ్యూటీ వేసుకుందాం.

రెండు. పెద్ద తొట్టి ఉన్న కాలేజీకో, కర్నూలులో రంగుచేపలు అమ్మే అంగడికో ఇచ్చేటట్టు, మత్స్యశాఖ ఆఫీసు సలహా అడిగేటట్టు వార్డెన్ సార్ ఒక ఉత్తరం రాయాలని కోరుతున్నాను. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ప్రభుత్వమే 2006 నుంచి ఇట్లాంటి విదేశీ జీవాలను జరిమానా లేకుండా తీసుకొని, పెంచగలిగిన వాళ్ళకు ఇప్పిస్తోంది. మన దగ్గర అట్లాంటి ఏర్పాటు లేకపోతే మనమే తిరిగి అడగాల.

మూడు. ఎవరూ తీసుకోకపోతే అది బతికినన్నాళ్ళు మనమే సాకాల. ఈ చేపలు పదేండ్లకు పైన కూడా బతుకుతాయి. మనం పదో తరగతి పాసై పోతాం, అది ఉంటుంది. తమ్ముళ్ళకు అప్పజెప్పి పోవాల. అదీ చేతకాకపోతే నొప్పి తెలియకుండా చంపించడమే మేలు. ఈ మాట రాయడానికి నాకూ కష్టంగానే ఉంది. కాని కాలవలో వదలడం కంటే అది తక్కువ పాపమని నా నమ్మకం.

నాలుగు. ఇకమీదట తొట్టికి కొత్త చేపను తెచ్చేముందు అది ఎంత పెరుగుతుందో సైన్సు సార్‌ను అడిగి తెద్దాం.

కాలవలో వదలడానికి ఐదు నిమిషాలు పడుతుంది, మన కళ్ళకు అది కనపడకుండా పోతుంది. సాకడానికి రోజూ పని ఉంటుంది. మనం దాని మీద జాలి అంటున్నది నిజమైతే ఈ రెండో పనికి పేర్లు ఇయ్యండి. నా అభిప్రాయంతో విభేదించేవాళ్ళు వచ్చే సంచికకు శనివారం లోపల రాసి ఇయ్యాలని మనవి. ఆదివారం మీటింగులో వార్డెన్ సార్ ముందు మాట్లాడుకొని తేల్చుకుందాం. అంతవరకు దయచేసి ఎవరూ చేపను బక్కెట్లో ఎత్తుకొని కాలవ గట్టుకు పోవద్దు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి