చలికాలం మిగులు, ఎండాకాలం బిల్లు

బియ్యం, పప్పు, నూనెల ఖర్చు ప్రతి నెలా దాదాపు ఒకేలా ఉంటుంది. కరెంటు బిల్లు అలా కాదు. కార్తీకంలో నాలుగు వందల చిల్లర వచ్చిన ఇంటికే వైశాఖంలో పద్దెనిమిది వందలు వస్తుంది. జీతం మాత్రం రెండు నెలల్లోనూ అదే! మా పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం వైపు కంపెనీల్లో కాంట్రాక్టు పని చేసేవాళ్ల ఇళ్లలో ఈ తేడా మరీ తెలుస్తుంది. మే నెల బిల్లు చేతికొచ్చేసరికి పిల్లల ఫీజులు, పుస్తకాలు, యూనిఫాంలు ఎదురుగా కూర్చుంటాయి. ఇక చేబదులన్నా చెయ్యాలి, చెవి కమ్మలన్నా తాకట్టు పెట్టాలి. 2012లో పరిశ్రమలకు పవర్ హాలిడేలు ఇచ్చినప్పుడు కరెంటు లేదని దిగులు పడ్డాం. ఇప్పుడు కరెంటు ఉంది, దిగులు బిల్లు మీదికి మళ్లింది.

మొన్న ఏప్రిల్‌లో మా పక్కింటావిడ బిల్లు పట్టుకుని వచ్చింది. "వదినా, మొన్నటిదాక సున్నా బిల్లు వచ్చె. ఈసారి వెయ్యి దాటింది. మీటర్ ఖరాబైందా ఏంది?" అని ఒకటే గాబరా. చూస్తే 204 యూనిట్లు. మీటర్ బాగానే ఉంది. రేషన్ కార్డు ఉన్న ఇళ్లకు 2024 మార్చి నుంచి వస్తున్న గృహజ్యోతిలో రెండు వందల యూనిట్ల వరకే సున్నా బిల్లు. దాటితే పైనున్న నాలుగు యూనిట్లకే కట్టి ఊరుకుంటానంటే కుదరదు, మొత్తం కట్టాలి.

కార్డు లేని ఇళ్లకూ ఆ రెండు వందల గీత గీతే. 2022 ఏప్రిల్‌లో వచ్చిన రేట్లతో లెక్క వేసి చూడండి. 200 యూనిట్లు కాలిస్తే మొదటి వందకు 3 రూపాయల 40 పైసలు, రెండో వందకు 4 రూపాయల 80 పైసల చొప్పున 820 రూపాయలు. 201 అయిందా, మొదటి రెండు వందల యూనిట్లకూ రేటు 5 రూపాయల 10 పైసలకు మారిపోతుంది. ఆ పైన ఒక్క యూనిట్‌కు 7 రూపాయల 70 పైసలు. మొత్తం 1027 రూపాయల 70 పైసలు! ఒక్క యూనిట్ ఖరీదు రెండు వందల పైచిలుకన్నమాట. కస్టమర్ చార్జీలు, ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకం వేరే.

అందుకని ఎండాకాలంలో వారానికోసారి మీటర్ చూడండి. పాత రీడింగ్ బిల్లు మీద ఉంటుంది, తీసేస్తే ఎన్ని కాలాయో తెలుస్తుంది. ఇరవయ్యో రోజుకే 150 దాటితే ఇస్త్రీ, మోటారు, కూలర్ దగ్గర కాస్త చెయ్యి బిగించాలి.

ఇక ఏడాది లెక్క. కార్డు లేని ఒక మామూలు ఇల్లు అనుకోండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా నెలకు 120 యూనిట్లు, అంటే 436 రూపాయలు. జులై నుంచి అక్టోబర్ దాకా 150, అంటే 580. మార్చిలో 190 కాలితే 772. ఏప్రిల్‌లో 260 కాలితే 1482, మేలో 300 అయితే 1790, జూన్‌లో 220 అయితే 1174. పన్నెండు నెలలూ కూడితే 9282. అంటే నెలకు 800 పక్కన పెట్టే ఇంట్లో ఏ నెలా కొత్తగా డబ్బు వెతుక్కోనక్కర్లేదు. బిల్లు 436 వచ్చిన నెలలో మిగిలిన 364 కవర్లోనే ఉండాలి. అదే కష్టం! మొదలుపెట్టాల్సింది జులైలో. మార్చి ఆఖరుకు 2364 చేరుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా నెలనెలా వేసే 800 కాక పై నుంచి కావలసింది 2046. మిగిలిన మూడు వందల చిల్లర ఆ వేరే చార్జీల్లోకి పోతుంది. వాటికి నెలకు ఇంకో యాభై అరవై కలుపుకుంటే మంచిది. ఈ కవరు పోపుల డబ్బా దగ్గర పెట్టకండి, కూరల బండి రాగానే చెయ్యి అటే పోతుంది.

చలికాలం మిగులును తినేది గీజర్. రెండు వేల వాట్ల గీజర్ అరగంట వేస్తే ఒక యూనిట్. రోజూ వేస్తే నెలకు ముప్ఫై.

బిల్లులో మన జమ కూడా ఒకటుంటుంది. మనం కట్టిన డిపాజిట్ మీద వడ్డీని ఏటా ఒకసారి బిల్లులో తగ్గిస్తారు. ఎండాకాలం బిల్లుల్లో ఆ అంకె ఉందో లేదో చూసుకోండి. వాడకం పెరిగితే అదనపు డిపాజిట్ అడుగుతారు, అది బాకీ కాదు, మన పేరు మీదే ఉంటుంది. 2020 లాక్‌డౌన్‌లో రీడింగ్ తీయక ముందు ఏడాది అదే నెల బిల్లు కట్టమన్నారు. జూన్‌లో ఒక్కసారే రీడింగ్ తీసి తేడా వేస్తే ఎన్ని ఇళ్లలో గొడవలయ్యాయో గుర్తుందిగా! పాత బిల్లులు దాచుకున్నవాళ్లే సరిచూసుకోగలిగారు.

అద్దె గదుల సంగతి వేరు. ఒకే మీటర్ కింద మూడు కుటుంబాలు తలా వంద యూనిట్లు కాలిస్తే బిల్లు 1790. ఎవరి మీటర్ వాళ్లకుంటే ఒక్కొక్కరికి 252 రూపాయల 50 పైసలే! పైగా యూనిట్‌కు పది రూపాయలు వసూలు చేసే యజమానులున్నారు. గృహజ్యోతి అద్దెకున్నవాళ్లకూ వర్తిస్తుంది కానీ ఒక్క మీటర్ అయితే రెండు వందలు ఎక్కడ ఆగుతాయి? గది చూసేటప్పుడు అద్దెతో పాటు మీటర్ సంగతీ అడగండి.

సొంత డాబా ఉండి కార్డు లేనివాళ్లకు సోలార్ మంచి దారే. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ కింద రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడింటికి 78 వేలు సబ్సిడీ ఉంది. సున్నా బిల్లు వచ్చే ఇంటికి మాత్రం దీనితో పెద్ద లాభం లేదని నా అభిప్రాయం. చలికాలంలో మనం వాడగా మిగిలిన యూనిట్లు లైన్లోకి వెళ్లి మన ఖాతాలో జమవుతాయి, తర్వాతి నెలల వాడకంలో తీసేస్తారు. అయితే ఆ జమ ఏళ్ల తరబడి ఉండదు, మధ్యలో లెక్క తేల్చేస్తారు. ఏ నెలలో తేలుస్తారో సెక్షన్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. మా వైపు పొగ, దుమ్ము ఎక్కువ కాబట్టి పలకల్ని ఎండ ఎక్కకముందే పొద్దున్నే మెత్తటి గుడ్డతో, మామూలు నీళ్లతో తుడవాలి, సబ్బు పొడి వద్దు.