జీడిపప్పు సీమలో జీడిపప్పు కూర

గత ఫాల్గుణంలో ఒక పెళ్ళికి టెక్కలి వెళ్ళి, మరునాడు పిల్లల కోరికపై ఉద్దానం తీరానికి పోయాము. దారి పొడుగునా కొబ్బరితోటలు, జీడితోటలు, నడుమ నడుమ పనసచెట్లు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కూల్చిన చెట్ల స్థానే నాటినవి ఇప్పుడిప్పుడే ఎదుగుతున్నాయి. ఉద్యానవనమే ఉద్దానమైందంటారు. ఆ దారిన ఒకసారి పోయినవారెవరూ కాదనలేరు.

మధ్యాహ్నం సముద్రానికెదురుగా ఒక రిసార్టులో భోజనానికి కూర్చున్నాము. (పేరు చెప్పను. ఒక్క పూట తిండికోసం ఎవరి పొట్టా కొట్టరాదు.) పనీర్ బటర్ మసాలా, గోబీ మంచూరియా, ఫ్రైడ్ రైస్... హైదరాబాదులో మా వీధి చివర దొరికేవన్నీ ఉన్నాయి. చేపలేమున్నాయంటే అపోలో ఫిష్ అన్నారు. ఎదురుగా ఇసుకలో వలలు ఆరుతున్నాయి! పనసపొట్టు కూర మాటెత్తితే వడ్డించే కుర్రవాడు నవ్వాడు.

సరే, జీడిపప్పు సీమ కదా అని కాజూ మసాలా తెమ్మన్నాను. వెల నాలుగువందల ఇరవై. వచ్చినది టమాటా, మీగడ కలిపిన ఎర్రని పులుసు. అందులో బద్దలు పదకొండు. లెక్కపెట్టాను, నా అల్పబుద్ధికి నవ్వుకోండి. రెండింటికి ముక్కవాసన కూడ.

అక్కడికి దగ్గరలోనే పలాస-కాశీబుగ్గ. అక్కడి కార్ఖానాల్లో పిక్కలను పగులగొట్టి, పప్పు పైపొర ఒలిచి, గుండ్లు, బద్దలు, ముక్కలుగా వేరుచేసేది ఎక్కువగా స్త్రీలే. పెంకులోని జీడి అంటితే చేతితోలు ఊడుతుంది. అయినా గుండు విరగకూడదు, విరిగితే ధర పడిపోతుంది. 180 రకమంటే పౌనుకు నూట ఎనభైకి మించని గుండ్లు, అంత పెద్దవి. ఇంత పనితనం ఎరిగిన సీమలో, వచ్చిన అతిథికి పాతబడిన బద్దలా?

మంచినీళ్ళ సీసా అరవై రూపాయలు. దానికి మాత్రం గొణగలేదు. మూత్రపిండాల వ్యాధి ఇన్ని ఇళ్ళను కుంగదీసిన నేల ఇది, కారణమేమిటో ఇప్పటికీ నిశ్చయంగా తేలలేదు. అక్కడ నీటిమీద మాట తూలడానికి నాకు నోరు రాదు.

గల్లాపెట్టె దగ్గరి పెద్దమనిషి, "టూరిస్టులు అడిగేదే వండుతాము సార్" అన్నాడు. అడగడానికి జాబితాలో ఉండాలి కదా! ఆ వెలకే పనసపొట్టు పెట్టి ఉంటే ఆనందంగా ఇచ్చి వచ్చేవాడిని. ఊరి తోటలో కాసినది, ఊరి పడవ తెచ్చినది వచ్చినవాడి కంచంలో వేయడానికి సిగ్గెందుకో నాకు బోధపడదు. బయటివాడికి బయటి తిండే పెట్టాలనుకోవడం మర్యాద అనిపించుకోదు, మన వంటను మనమే తక్కువ చేసుకోవడం.

లేస్తూ ఆ కుర్రవాణ్ణి అడిగాను, ఈరోజు మీ ఇంట్లో ఏం వండారని. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "నెత్తళ్ళండి" అన్నాడు.

తిరుగుదారిలో పలాసలో అరకిలో గుండ్లు కొని, కారులోనే పొట్లం విప్పాము. టెక్కలి చేరేసరికి సగం ఖాళీ.