పింఛనుతో భర్త బాధ్యత తీరదు

సంపాదకులకు,

‘ఒంటరి మహిళలకు పింఛను వస్తోంది కదా, భరణం కోసం కోర్టుకెక్కడం దేనికి?’ అన్న గతవారం వ్యాసంతో ఏకీభవించలేను. ఎన్టీఆర్ భరోసా కింద అందే నెలకు 4,000 రూపాయలు ప్రభుత్వం చేసే సాయం. బెంగళూరుకు కూలికెళ్లి ఇంటి ముఖం చూడని భర్త బాధ్యత దాంతో ఎలా తీరుతుంది?

తమను తాము పోషించుకోలేని భార్య, పిల్లలు భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద భరణం అడగొచ్చు. అందుకు బెంగళూరు పోనక్కర్లేదు, ఆమె ఉంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు. మధ్యంతర భరణం అర్జీని భర్తకు నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలి. వకీలు ఫీజు భయమా? 1987 నాటి చట్టం ప్రకారం, ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలు ఉచిత న్యాయసహాయానికి అర్హులు. వివరాలకు 15100కు ఫోన్ చేయొచ్చు. ఈ నంబరు ప్రతి సచివాలయం గోడమీదా రాయించాలి.

– ఓ పాఠకురాలు, కుందుర్పి, అనంతపురం జిల్లా