కంచె వేసే ముందు దారిని చూడాలి

చేనుకు గట్టు, ఊరికి కట్టు ఉండాలన్నది మన పెద్దల మాట. పంటకు రక్షణ అవసరమన్న విషయంలో ఏ వ్యవసాయ శాస్త్రవేత్తకూ భిన్నాభిప్రాయం ఉండదు. అయితే కంచె పంటను కాపాడే సాధనం మాత్రమే కాదు, భూమిని రెండుగా విభజించే నిర్ణయం కూడా. ఒకేచోట తిరుగాడే జంతువును కంచె దూరంగా ఉంచగలదు. ఋతువును బట్టి మేతకూ నీటికీ ఒక ప్రాంతం నుండి మరొక ప్రాంతానికి నడిచే జంతువు విషయంలో మాత్రం కంచె దాని జీవనమార్గాన్నే తెంచివేస్తుంది. ఈ భేదాన్ని గమనించకుండా వేసిన కంచె నష్టాన్ని తొలగించదు. పక్క రైతు చేనుకు మళ్ళిస్తుంది. ఇందుకు చిత్తూరు జిల్లాలోని ఏనుగుల సమస్యను మించిన ఉదాహరణ మనకు అక్కరలేదు.

చిత్తూరు అనుభవం

సుమారు రెండు శతాబ్దాల పాటు ఆంధ్ర ప్రాంతంలో అడవి ఏనుగుల స్థిర నివాసం లేదు. 1980వ దశకపు తొలి సంవత్సరాలలో తమిళనాడులోని హోసూరు, ధర్మపురి అడవుల వైపు నుండి ఏనుగులు కుప్పం, పలమనేరు ప్రాంతాలకు రాసాగాయి. కరవు, అడవుల క్షీణత, మానవ సంచారపు ఒత్తిడి ఇందుకు కారణాలుగా చెప్పబడుతున్నాయి. వాటి రక్షణ కొరకు 1990లో సుమారు 358 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యం ఏర్పడింది. మూడు రాష్ట్రాల సరిహద్దులు కలిసే ఈ అడవి సన్నగా, పొడవుగా సాగుతుంది. దాని అంచులను ఆనుకొనే గ్రామాలు, చెరువులు, సాగుభూములు ఉన్నాయి.

పెద్ద ఏనుగుకు రోజుకు సుమారు 150 కిలోల మేత, వంద లీటర్లకు పైగా నీరు కావాలి. ఇంత మేత ఒకేచోట దొరకదు గనుక నడక దానికి ప్రాణావసరం. అది నడిచే నేలలో మన వ్యవసాయం కూడా మారింది. ఒకప్పుడు వర్షాధారంగా రాగి, వేరుశనగ, ఉలవ పండిన భూములలో బోరుబావుల రాకతో చెరకు, వరి, అరటి, కూరగాయలు విస్తరించాయి. అడవిగడ్డి ఎండిపోయే రోజులలో కూడా పచ్చగా నిలిచే చెరకుతోట ఏనుగు దృష్టిలో తక్కువ శ్రమతో ఎక్కువ పోషకాలు లభించే మేత. పంట సరళిని ఎంచుకున్నప్పుడు మనం నేలను, నీటిని, ధరను లెక్కించాము. ఆ నేల మీదుగా ఎవరు నడుస్తారన్నది ఆ లెక్కలోకి రాలేదు.

ఈ పరిస్థితికి సమాధానంగా కందకాలు, సౌర విద్యుత్ కంచెలు వచ్చాయి. రెండింటికీ పరిమితులు ఉన్నాయి. రాతినేలలో కందకం తవ్వడం కష్టం. వాలు నేలలో వర్షానికి అంచులు కోసుకుపోతాయి. ఏనుగులు కూడా మట్టిని కాళ్ళతో తోసి దారి చేసుకుంటాయి. సౌర కంచె తీగకు కలుపు మొక్కలు తగిలితే విద్యుత్తు నేలకు పోయి కంచె పనిచేయదు. దంతాల గుండా విద్యుత్తు ప్రవహించదన్న సంగతిని మగ ఏనుగులు అనుభవంతో గ్రహించి, దంతాలతోనే తీగలను తెంపుతాయి. నిర్వహణ లేని కంచె కొద్ది కాలానికే అలంకారంగా మిగులుతుంది.

అన్నింటికన్నా ప్రమాదకరమైనది గృహ విద్యుత్తును లేదా వ్యవసాయ మోటారు విద్యుత్తును నేరుగా తీగకు కలపడం. సౌర కంచెలో విద్యుత్తు క్షణమాత్రపు స్పందనలుగా ప్రవహించి, జంతువును బెదిరించి వదలివేస్తుంది. నేరుగా కలిపిన విద్యుత్తు పట్టుకొని చంపుతుంది. అడవిపందుల కొరకు పెట్టిన ఇటువంటి తీగలకు ఏనుగులే కాదు, రాత్రివేళ నీరు కట్టడానికి వెళ్ళిన రైతులూ బలి అవుతున్నారు. తీగ పెట్టిన రైతు తరువాత నేరస్థుడుగా నిలబడవలసి వస్తుంది. కంచె వేయకపోయినా ఇదే ఫలితం రావచ్చు. 2023 మే నెలలో పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలంలో నాలుగు ఏనుగులు పొలాల మధ్య విద్యుదాఘాతానికి గురై మరణించాయి. ఒడిశా వైపు నుండి వచ్చిన ఆ ఏనుగుల దారిలో మనం ఏమేమి నిలబెడుతున్నామో ముందుగా చూసుకోవలసిన అవసరాన్ని ఈ ఘటన చెబుతున్నది.

బోట్స్‌వానా చెప్పే పాఠం

కంచె వలసను ఎంత దూరం దెబ్బతీయగలదో, తిరిగి ఎంతవరకు సరిదిద్దవచ్చునో ఆఫ్రికాలోని బోట్స్‌వానా దేశం చూపింది. అక్కడ కంచె వేయించినది కూడా వ్యవసాయ రంగమే. పశువులకు గాలికుంటు వ్యాధి సోకకుండా, మాంసం ఎగుమతి ఆగకుండా చూడడం కొరకు 1950వ దశకం నుండి వందల కిలోమీటర్ల పొడవున కంచెలు నిర్మించారు. 1958లో నిర్మించిన కూకే కంచె వాటిలో ప్రసిద్ధమైనది. కరవు కాలంలో ఉత్తరాన ఉన్న నీటి వైపు వెళ్ళే వైల్డ్‌బీస్ట్ మందలకు అది అడ్డుగా నిలిచింది. 1980వ దశకపు కరవులో అవి వేల సంఖ్యలో దాహంతో, ఆకలితో మరణించాయి. వ్యాధి నివారణ అన్న ఉద్దేశం సమంజసమైనదే. కానీ కంచెకు అవతల నీరు ఎవరికి అవసరమో నిర్మాణ సమయంలో ఎవరూ అడగలేదు.

అదే దేశంలో ఒకవాంగో డెల్టాకూ మక్‌గాడిక్‌గాడి మైదానానికీ మధ్య జీబ్రాల దారిని 1968 నుండి మరొక కంచె అడ్డుకున్నది. 2004లో దానిని తొలగించారు. కొద్ది సంవత్సరాలలోనే జీబ్రాలు రానుపోను సుమారు 580 కిలోమీటర్ల వలసను తిరిగి ప్రారంభించినట్లు పరిశోధకులు గుర్తించారు. ఆ దారిని ఎరిగిన తరం అప్పటికి జీవించి ఉండే అవకాశం లేదు. అవకాశం ఇస్తే వలస మార్గం తిరిగి జీవం పోసుకోగలదని దీని అర్థం.

కంచెను పూర్తిగా తొలగించడమొక్కటే మార్గం కూడా కాదు. అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో ప్రాంగ్‌హార్న్ అనే మృగం కంచెను దూకదు, కింది నుండి దూరి పోతుంది. అందువల్ల అక్కడి పశుక్షేత్రాలలో అడుగు తీగను ముళ్ళు లేనిదిగా మార్చి, నేలకు సుమారు 40 నుండి 45 సెంటీమీటర్ల ఎత్తున కడుతున్నారు. పశువులు లోపలే ఉంటాయి, మృగం సాగిపోతుంది. జంతువు నడకను తెలుసుకొని కంచెను రూపొందించడం ఇందులోని శాస్త్రం.

మన పరిశోధనలో చేరవలసిన అంశాలు

ఏనుగుకు అడుగు తీగ ఎత్తితే సరిపోదు. మన పరిస్థితికి తగిన పరిష్కారాన్ని మనమే రూపొందించుకోవాలి. ఈ పనిని అటవీ శాఖకు మాత్రమే వదలివేయడం సరికాదని నా అభిప్రాయం. కేంద్ర ప్రభుత్వం 2023లో వెలువరించిన నివేదిక దేశంలో 150 ఏనుగుల కారిడార్లను గుర్తించింది. నీలగిరులలోని కారిడార్ రక్షణను 2020లో సుప్రీంకోర్టు సమర్థించింది. దారిని గుర్తించడం వారి పని అయితే, ఆ దారి పక్కన ఏ పంట, ఎప్పుడు, ఏ విధంగా పండించాలన్నది మన పని.

మొదటిది, కంచె యూనిట్ మారాలి. విడి రైతుకు ఇచ్చే కంచె రాయితీ స్తోమత ఉన్న చేనును కాపాడి, ఏనుగును స్తోమత లేని చేను వైపు నడిపిస్తుంది. నాలుగైదు గ్రామాల సాగుభూమిని ఒక సమూహంగా తీసుకొని చుట్టూ సమష్టి కంచె వేసి, అడవి నుండి నీటివనరుకు వెళ్ళే దారిని తెరచి ఉంచాలి. కంచె కింద కలుపు తీయడానికి, బ్యాటరీల తనిఖీకి గ్రామ స్థాయిలో బాధ్యులు, నిధి ఉండాలి.

రెండవది, పంట ప్రణాళిక. దారికి దగ్గరగా ఉన్న భూములలో చెరకు, అరటి వంటి పంటలను తగ్గించి, ఏనుగు అంతగా ఇష్టపడని మిరప, పసుపు వంటి వాటిని పరిశీలించవచ్చు. తినకపోయినా తొక్కే ప్రమాదం ఉన్నది గనుక దీనిని పూర్తి రక్షణగా చెప్పరాదు. వరి, రాగి వంటి పంటలను సమూహమంతటా ఒకే సమయంలో, స్వల్పకాలిక రకాలతో విత్తితే గింజ గట్టిపడి కోతకు వచ్చే దశలో కాపలా రాత్రులు తగ్గుతాయి. ఇది మన పరిశోధనా స్థానాలు వెంటనే క్షేత్రస్థాయిలో పరీక్షించగల అంశం.

మూడవది, తేనెటీగల కంచె. కెన్యాలో లూసీ కింగ్ చేసిన పరిశోధన ఏనుగులు తేనెటీగలకు వెరచి తొలగుతాయని చూపింది. 2021లో ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ కర్ణాటకలోని కొడగు జిల్లాలో ఈ పద్ధతిని ప్రారంభించింది. తేనె ఆదాయం, పరాగ సంపర్కం అదనపు లాభాలు. వేసవిలో పూలు, నీరు కొరవడే చిత్తూరు వంటి ప్రాంతంలో తేనెటీగల పట్టులు నిలుస్తాయా, ఏ పూలమొక్కలు వాటికి తోడు కావాలన్నది మనం తేల్చవలసిన ప్రశ్న.

రైతు అభ్యంతరం

“ఏనుగు దారి నా పొలం మీదుగా పోతే నష్టం నేనెందుకు భరించాలి?” అని రైతు అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనది. ఏనుగును కాపాడడం సమాజమంతటి ధ్యేయమైనప్పుడు, దాని ఖర్చును అడవి అంచున ఉన్న చిన్న రైతు ఒక్కడి మీద మోపడం ధర్మం కాదు. నష్టపరిహారం తదుపరి పంట పెట్టుబడికి అందే సమయంలో రావాలి. భూమి పట్టా లేని కౌలు రైతుకూ అందాలి. పంట మార్చమని సలహా ఇచ్చేటప్పుడు మార్కెట్ హామీ కూడా ఇవ్వాలి. హామీ లేని సలహాను రైతు పాటించకపోతే తప్పుపట్టరాదు. ఇంత చేసినా కొన్ని ఏనుగులు ఊళ్ళలోకి వస్తాయి. వాటిని మళ్ళించడానికి కుంకీ ఏనుగులు, ముందస్తు హెచ్చరికలు అవసరమే. కానీ మళ్ళించిన ఏనుగు వెళ్ళడానికి ఒక దారి మిగిలి ఉన్నప్పుడే ఆ ప్రయత్నం ఫలిస్తుంది.

ఏ పంటనైనా సిఫారసు చేసేటప్పుడు మనం నేల స్వభావం, వర్షపాతం, నీటి లభ్యత, చీడపీడలు చూస్తాము. అటవీ సరిహద్దు మండలాలకు ఇచ్చే సిఫారసులలో వన్యప్రాణుల సంచార మార్గం కూడా ఒక అంశంగా చేరాలి. ఇందుకు అటవీ శాఖ వద్ద ఉన్న సంచార సమాచారాన్ని మన పంటల పటాలతో జోడించడం తొలి మెట్టు. ఒక్క పలమనేరు, కుప్పం ప్రాంతాలతో ప్రారంభించినా ఫలితం మిగిలిన మండలాలకు మార్గదర్శకం కాగలదు.