తాళం తీస్తేనే ప్రజల సొత్తు

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్నారు పెద్దలు. అంత కష్టపడి కట్టిన ఇంటిని ఖాళీగా వదిలేస్తే? చెన్నై నడిబొడ్డున ఉన్న ఓమందూరార్ ఎస్టేట్‌ను అడిగితే చెబుతుంది. 2010 మార్చి 13న నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ అక్కడ తమిళనాడు కొత్త శాసనసభ, సచివాలయ భవనాన్ని ప్రారంభించారు. మరుసటి ఏడాది మేలో ప్రభుత్వం మారింది. పాలకులు మూటాముల్లె సర్దుకుని మళ్లీ సెయింట్ జార్జి కోటకే వెళ్లిపోయారు. కోట్లు గుమ్మరించి కట్టిన భవనం బోసిపోయింది.

దాన్ని సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రిగా మారుస్తామని 2011 ఆగస్టులో ప్రకటించారు. తలుపులు తెరుచుకునేసరికి 2014 ఫిబ్రవరి 21 వచ్చింది. ఫైళ్ల కోసం కట్టిన గదుల్లో మంచాలు వేసేస్తే ఆస్పత్రి అయిపోదు కదా! ఆపరేషన్ థియేటర్లు, ఆక్సిజన్ గొట్టాలు, స్ట్రెచర్ పట్టే లిఫ్టులు అన్నీ సమకూర్చుకోవాలి. పార్టీల పంతానికి పడిన ఈ రెండో ఖర్చు కూడా జనం నెత్తినే పడింది.

అయినా, ఆ భవనాన్ని కూల్చలేదు, అమ్మలేదు. అదే మేలయింది. తిరుత్తణి నుంచో, గూడూరు నుంచో రైలెక్కి సెంట్రల్‌లో దిగిన రోగికి మెట్రోలో తర్వాతి స్టేషనే గవర్నమెంట్ ఎస్టేట్. ఊరి మధ్యలో ఉన్న భవనం విలువ అదీ! 2020లో కరోనా విరుచుకుపడినప్పుడు ఆ ఆస్పత్రే ఎందరికో ఆసరా అయింది. చేపాక్‌లో 2012 జనవరిలో అగ్నికి ఆహుతైన కలస్ మహల్‌నూ కూల్చేయకుండా బాగుచేసి వాడుకలోకి తెచ్చారు. మనసుంటే మార్గం ఉంటుందనడానికి ఈ రెండూ చాలు.

చెన్నై అనే కాదు, ఏ నగరంలోనైనా ఒక కార్యాలయాన్ని ఖాళీ చేసే ముందే, తర్వాత అది దేనికి పనికొస్తుందో తేల్చాలి. ఖాళీ సర్కారీ భవనాల జాబితాను ప్రజల ముందు పెట్టాలి. గోడల పటుత్వం, అగ్నిమాపక ఏర్పాట్లు పరీక్షించాలి. ఆస్పత్రి, గ్రంథాలయం, ఉద్యోగినుల వసతిగృహం వంటి వాటికే తొలి ప్రాధాన్యం ఇవ్వాలి. ఇవేవీ కుదరకపోతేనే అమ్మకం మాట ఎత్తాలి. తాళం కప్పలకు కాపలా కాయడానికి కాదు జనం పన్నులు కడుతున్నది!