పక్షవాతం తరువాత స్టీరింగు

పక్షవాతం వచ్చి తగ్గిన మనిషి మళ్లీ బండి నడపవచ్చునా? ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాలలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పేది తరచుగా ఇంటివారే. చేయి లేచి, కాలు సాగితే చాలు, ఇక ఫరవాలేదంటారు. ఆ కొలత చాలదని మా అభిప్రాయం.

మన కళాశాలలో ఉర్దూ ఇళ్లవారు దీనిని ఫాలిజ్ అంటారు. తెలుగు పేరులోనే 'పక్షము' ఉన్నది. మెదడులో కుడి భాగం దెబ్బతిన్నప్పుడు, కన్ను బాగానే ఉన్నా, కొందరికి ఎడమవైపు ఉన్నదేదీ గమనానికి రాదు. కంచంలో ఎడమ సగం అన్నం అలాగే మిగిలిపోతుంది. తనకు అటువంటి లోపమున్నదని తరచుగా రోగికే తెలియదు. మన దేశంలో బండి ఎడమ పక్కనే పోవాలి గదా! సైకిలువాడు, బడికి నడిచే పిల్లలు, కాలువ గట్టు అంచు, అన్నీ ఆ పక్కనే. కొల్లేటి చెరువు గట్ల మీద తెల్లవారుజామున చేపల లోడుతో పోయే బండికి పొరపాటు చేసే చోటెక్కడిది?

జబ్బువల్ల అనర్హుడని నమ్మదగిన కారణముంటే లైసెన్సు రద్దు చేయడానికి, లేదా వైద్య ధ్రువపత్రం అడగడానికి 1988 నాటి మోటారు వాహనాల చట్టం 16వ సెక్షను అధికారమిచ్చింది. కాని అధికారికి ఆ సంగతి చెప్పేదెవరు? బ్రిటనులో పక్షవాతం వచ్చినవారు కారైతే నెల రోజులు, లారీ, బస్సులైతే ఏడాది మానవలసిందే. మన లారీ డ్రైవరుకు ఏడాది మానుకొమ్మనడం సులభమే. ఆ ఏడాది అతని పొయ్యి వెలిగేదెలా? దాచిపెట్టడం అక్కడే మొదలవుతున్నది. అతనినొక్కడినే తప్పుపట్టడానికి మాకు మనసొప్పదు.

కనుక పరీక్ష అనేది లైసెన్సు లాక్కునే ఉపాయంగా గాక, పనిలోకి తిరిగి వచ్చే దారిగా ఉండాలి. చూపు ఎంతమేర పారుతున్నదో, పాదం బ్రేకు మీదికి ఎంత వేగంగా పోతున్నదో చూడాలి. కాగితం మీద గడియారం ముఖం గీయించాలి. చివరకు రెండు బ్రేకులున్న శిక్షణ కారులో రోడ్డు మీద నడిపించాలి. 2023లో ఏలూరులో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. వారానికొక పూట అక్కడ ఈ పరీక్ష జరపడం అసాధ్యం కాదని మేము తలుస్తున్నాము. ఇందుకై వైద్య కళాశాలవారికి, రవాణా అధికారులకు లేఖ వ్రాయవలసినదిగా మన కళాశాల కమిటీవారిని కోరుతున్నాము.

అంతవరకు, నాన్నగారికో అబ్బాజాన్‌కో బండి తాళంచెవి తిరిగి ఇచ్చేముందు విద్యార్థులు ఒకసారి కంచం చూడండి. ఎడమవైపు అన్నం మిగిలిందేమో.